హలాల్ సంపాదన సరుకు కొనే చోటే మొదలవుతుంది

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ మాత్రమే. మనకు ఉపాధిని ప్రసాదించేవాడూ, ఆ ఉపాధిని గురించి రేపు లెక్క అడిగేవాడూ ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, వారి కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

జుముఅ పిలుపు వినిపించగానే క్రయవిక్రయాలను విడిచిపెట్టి దైవస్మరణ వైపు సాగిపోవాలని దివ్యఖుర్ఆన్ మనల్ని ఆదేశించింది. నమాజు ముగిసిన తర్వాత మళ్లీ జీవనోపాధిని వెదుక్కోవడానికి వెళ్లమని కూడా ఆ వెంటనే అనుమతించింది. మీలో ఎందరో ఇప్పుడే కొట్టు షట్టరు దించి మస్జిదుకు వచ్చారు. మరో గంటలో దాన్ని మళ్లీ ఎత్తుతారు. ఆ షట్టరు వెనుక ఉన్న సరుకు ఎవరి వద్ద నుంచి వచ్చింది? ఏ షరతులపై వచ్చింది? దాని సొమ్ము ఇచ్చినవారికి ముట్టిందా? ఈ మూడు ప్రశ్నలే నేటి ప్రసంగానికి మూలం.

వ్యాపార నీతి అనగానే మనకు సాధారణంగా అమ్మకమే గుర్తుకు వస్తుంది. తూకం సరిగా ఉండాలి, అబద్ధమాడరాదు, ఒట్టుపెట్టి సరుకు అంటగట్టరాదు అని చెప్పుకుంటాం. అవన్నీ సత్యాలే. అయితే చిల్లర వర్తకుడు తాను అమ్మే వస్తువుల్లో దాదాపు దేనినీ స్వయంగా తయారుచేయడు. పప్పు ఒకరు పండిస్తారు, నూనె మరొకరు ఆడిస్తారు, సబ్బు ఇంకెక్కడో తయారవుతుంది. అతడు చేసేదల్లా నమ్మదగినవారి వద్ద కొని, తనను నమ్మినవారికి అమ్మడం. కొనడంలో పొరపాటు జరిగితే, అమ్మడంలో ఎంత నిజాయితీ చూపినా ఆ లోటు తీరదు. కల్తీ కారాన్ని సరైన తూకంతో అమ్మినంత మాత్రాన అది మంచి కారం అయిపోదు కదా!

దివ్యఖుర్ఆన్ 83వ సూరా అయిన ముతఫ్ఫిఫీన్ ఆరంభంలోనే ఒక రకం మనుషులకు వినాశం తప్పదని హెచ్చరించింది. వారు ఇతరుల వద్ద తీసుకునేటప్పుడు కొలత నిండుగా తీసుకుంటారు. తాము ఇచ్చేటప్పుడు మాత్రం తగ్గిస్తారు. నిండుగా తీసుకోవడం తప్పు కాదు, అది కొన్నవాని హక్కు. తనకొక త్రాసు, ఎదుటివారికి మరొక త్రాసు పెట్టుకోవడమే నేరం. చిల్లర వర్తకుడు రోజంతా ఈ రెండు త్రాసుల మధ్యే కూర్చుంటాడు. ఒకవైపు సరఫరాదారు, మరొకవైపు వినియోగదారు. ఇద్దరితోనూ ఒకే త్రాసుతో వ్యవహరించినవాడే నిజమైన విశ్వాసి.

సరఫరాదారును ఎన్నుకోవడం

పనిని ఎవరికి అప్పగించాలి అన్న విషయంలో దివ్యఖుర్ఆన్ మనకొక ప్రమాణాన్ని చూపింది. 28వ సూరా అయిన ఖసస్‌లో ప్రవక్త మూసా (అలై) మద్‌యన్ చేరిన వృత్తాంతం ఉంది. పశువులకు నీళ్లు తోడిపెట్టిన ఆయన్ను పనికి కుదుర్చుకోమని ఆ ఇంటి అమ్మాయి తన తండ్రికి సూచించింది. అందుకు ఆమె రెండు గుణాలను కారణంగా చూపింది: ఒకటి బలం, రెండవది నమ్మకం. బలమంటే ఆ పనికి కావలసిన సామర్థ్యం. నమ్మకమంటే అమానతును కాపాడే గుణం.

సరఫరాదారులోనూ మనం చూడవలసినవి ఈ రెండే. నిజాయితీపరుడే అయినా పండుగ వారంలో సరుకు అందించలేనివాడు మన కొట్టును నడపలేడు. సమయానికి అందించినా ఒక లోడులో మంచి సరుకు, మరో లోడులో నాసి సరుకు పంపేవాడు మన పేరును నిలబెట్టలేడు. కాబట్టి ధర ఒక్కటే చూసి నిర్ణయం తీసుకోరాదు. మొదట కొద్దిపాటి సరుకు తెప్పించి చూడాలి. బస్తాను తూయాలి, పైభాగమే కాక అడుగుభాగం కూడా చూడాలి. అతని వద్ద ఏళ్లుగా కొంటున్న ఇద్దరు ముగ్గురు వర్తకులను విచారించాలి. ముఖ్యమైన సరుకుకు ఒక్కరి మీదే ఆధారపడకుండా రెండవ దారి కూడా తెలిసి ఉండాలి.

దైవప్రవక్త (స) ఒకసారి మార్కెట్టులో ధాన్యపు కుప్ప దగ్గర ఆగి, అందులో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాంటప్పుడు జనానికి కనిపించేలా తడిసిన ధాన్యాన్ని పైనే ఉంచవలసిందని ఆయన మందలించారు. మోసగించేవాడికి తమతో సంబంధం లేదని ప్రకటించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ హదీసును మనం అమ్మేవానికి హెచ్చరికగా చదువుతాం. ఇందులో కొనేవానికీ ఒక పాఠం ఉంది. కుప్పను పైనుంచి చూసి సరిపెట్టుకోరాదు, చేయి లోపలికి పెట్టి చూడాలి.

సరఫరాదారు మన ధర్మానికి చెందినవాడే అయి ఉండాలా? అవసరం లేదు. దైవప్రవక్త (స) మదీనాలో ఒక యూదుని వద్ద తన కవచాన్ని తాకట్టు పెట్టి బార్లీ గింజలు అరువు తీసుకున్నారు. ఆయన పరమపదించే నాటికి ఆ కవచం ఇంకా అక్కడే ఉందని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మన పట్టణాల కిరాణా కొట్లకు సరుకు హైదరాబాదు బేగంబజారు నుంచో, జిల్లా కేంద్రంలోని టోకు దుకాణం నుంచో వస్తుంది. అక్కడి వర్తకులు అన్ని మతాలవారూ ఉన్నారు. వారితో తరతరాల ఖాతాలున్న కుటుంబాలు మనలో ఎన్నో. ఎదుటివాడు మనవాడు కాడు గనుక అతని సొమ్ము తిన్నా పాపం లేదనే ధోరణిని దివ్యఖుర్ఆన్ 3వ సూరా 75వ వాక్యంలో తీవ్రంగా ఖండించింది. మనవాడు కదా అని ముస్లిం సరఫరాదారు వద్ద లెక్క చూడకపోవడం అజాగ్రత్త. పరాయివాడు కదా అని ముస్లిమేతర సరఫరాదారు లెక్క ఎగవేయడం ఘోర పాపం.

బిల్లు లేని సరుకు

సోదరులారా! తక్కువ ధర ఆశ చూపే సరుకు చాలాసార్లు బిల్లు లేకుండా వస్తుంది. దాని వెనుక ఏముందో ఆలోచించండి. పసుపుకు రంగు రావడానికి సీసం కలిసిన లెడ్ క్రోమేట్‌ను, కారానికి ఎరుపు రావడానికి బట్టలకు, తోళ్లకు వాడే సుడాన్ రంగులను కలిపే దుర్మార్గం ఉంది. నిజామాబాదు పసుపుకూ, గుంటూరు మిరపకూ దేశమంతటా పేరున్న ప్రాంతం మనది. ఇక్కడ కూడా రంగు చూసి మోసపోతే మన పిల్లల కడుపులోకి విషం చేరుతుంది. దాన్ని కలిపినవాని ముఖం వినియోగదారు ఎన్నడూ చూడడు. ఆమెకు తెలిసింది మన కొట్టు ఒక్కటే.

దేశ చట్టం కూడా ఈ బాధ్యతను గుర్తించింది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం గడువు తీరిన ఆహార పదార్థాన్ని అమ్మినా, తయారీదారు లేదా పంపిణీదారు ఎవరో చెప్పలేని పదార్థాన్ని అమ్మినా అమ్మకందారే బాధ్యుడు. సరఫరాదారు ఇచ్చిన బిల్లును ఆ సరుకు నాణ్యతకు హామీగా అదే చట్టం పరిగణిస్తుంది. కాబట్టి బిల్లు కేవలం పన్ను కాగితం కాదు, ఈ సరుకుకు నేను జవాబుదారీ అని సరఫరాదారు ఇచ్చే మాట. ఆ మాట ఇవ్వడానికి వెనుకాడేవాని సరుకును మనమెందుకు తలకెత్తుకోవాలి? ఆహార సరుకు ప్యాకెట్టుపై 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, తయారీ వివరాలు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, గడువు ఉన్నాయో లేదో సరుకు దించుకునే సమయంలోనే చూడాలి. మాంసం, మాంసపు ఉత్పత్తులు, జెలటిన్ కలిసే మిఠాయిలు అమ్మేవారు వాటి మూలాన్ని గురించి కూడా విచారించాలి. తెలియదని చెప్పి తప్పుకోవడం, తెలుసుకునే అవకాశం ఉన్నవానికి సాకు కాదు.

ఒప్పందంలో స్పష్టత

దైవప్రవక్త (స) మదీనాకు వచ్చినప్పుడు అక్కడి ప్రజలు పండ్ల కోసం ఏడాది, రెండేళ్ల ముందే సొమ్ము చెల్లించే వ్యాపారం చేస్తున్నారు. ఆయన దాన్ని నిషేధించలేదు, క్రమబద్ధం చేశారు. ముందుగా సొమ్ము ఇచ్చేవారు కొలత, తూకం, గడువు మూడూ తెలిసేలా ఒప్పందం చేసుకోవాలని ఆదేశించారు. ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లింలలో ఉంది. సరఫరాదారుతో జరిగే వివాదాల్లో అధిక భాగం ఈ మూడింటిలో ఏదో ఒకటి అస్పష్టంగా ఉండటం వల్లనే పుడుతుంది. ఏ రకం బియ్యం? బస్తా బరువుతో కలిపా, విడిగానా? తరుగు ఎవరిది? రవాణా ఖర్చు, హమాలీ కూలీ ఎవరు భరించాలి? దారిలో పగిలిన సీసాల నష్టం ఎవరిది? అమ్ముడుపోని సరుకు వాపసు తీసుకుంటారా? ఇవన్నీ సరుకు బయలుదేరక ముందే తేలాలి.

ఇంకో విషయం. హకీమ్ బిన్ హిజామ్ (రజి) తన వద్ద లేని వస్తువును కొనేవారు అడిగినప్పుడు, ముందు అమ్మి తర్వాత మార్కెట్టులో కొని ఇవ్వవచ్చా అని అడిగారు. తన వద్ద లేనిదాన్ని అమ్మరాదని ప్రవక్త (స) వారించారు. మరో సందర్భంలో అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) మార్కెట్టులో నూనె కొన్నారు. అక్కడికక్కడే ఒకరు మంచి లాభం ఇస్తామనగా ఒప్పుకోబోయారు. వెనుక నుంచి జైద్ బిన్ సాబిత్ (రజి) చేయి పట్టుకుని ఆపారు. సరుకును కొన్నచోటే అమ్మరాదని, స్వాధీనం చేసుకుని తన చోటుకు చేర్చుకున్న తర్వాతే అమ్మాలని గుర్తుచేశారు. మన కొట్టులో లేని సరుకును వినియోగదారు అడిగితే, తెప్పిస్తానని మాట ఇవ్వండి. చేతికి వచ్చిన తర్వాతే అమ్మకం ఖాయం చేయండి. ఇందువల్ల సరఫరాదారు ఆలస్యం చేసినా మీరు మాట తప్పినవారు కారు.

అరువు ధర విషయంలోనూ జాగ్రత్త అవసరం. నగదుకు ఒక ధర, నెల గడువుకు కొంత ఎక్కువ ధర చెప్పడాన్ని ధర్మవేత్తల్లో అత్యధికులు అనుమతించారు. అయితే విడిపోయేముందే రెండింటిలో ఒక ధర ఖాయమైపోవాలి, ఆ తర్వాత అది పెరగరాదు. గడువు దాటిన బాకీ మీద నెలకు ఇంత శాతమని పెంచుకుంటూ పోవడం వడ్డీయే. ఆ షరతు పెట్టే సరఫరాదారును మార్చుకోవాలి. మార్చుకునే దాకా అతని బాకీ గడువు దాటకుండా చూసుకోవాలి.

బాకీ విషయంలో అల్లాహ్ భయం

దివ్యఖుర్ఆన్‌లో అన్నింటికన్నా పెద్ద వాక్యం ఏది? నమాజు గురించా? హజ్ గురించా? కాదు. అప్పును రాసుకోవడం గురించిన వాక్యం. అది 2వ సూరా అయిన బఖరాలోని 282వది. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోవడానికి విసుగు చెందవద్దని అది బోధిస్తుంది. అప్పటికప్పుడు చేతులు మారే వ్యాపారానికి మాత్రం రాయకున్నా దోషం లేదని వెసులుబాటు ఇచ్చింది.

అందులో మనం తరచూ గమనించని ఒక సంగతి ఉంది. పత్రంలోని మాటలను చెప్పి రాయించే బాధ్యతను అల్లాహ్ అప్పు ఇచ్చినవానిపై పెట్టలేదు, బాకీపడినవానిపై పెట్టాడు. అతడు తన ప్రభువుకు భయపడుతూ, ఉన్న బాకీలో ఏమాత్రం తగ్గించకుండా చెప్పాలి. మన వాడుకలో లెక్క సరఫరాదారు రాస్తాడు, మనం తప్పులు వెదుకుతాం. దైవాజ్ఞ దీనికి భిన్నంగా ఉంది. నీ బాకీ ఎంతో నీవే నిజం చెప్పు అంటున్నది.

ఒక సందర్భాన్ని ఊహించండి. టోకు దుకాణం నుంచి పది పెట్టెల సబ్బులు రావలసి ఉండగా పదకొండు దిగాయి. బిల్లులో పది మాత్రమే ఉన్నాయి. డ్రైవరు చూడలేదు, గుమాస్తా చూడలేదు. తొమ్మిదే వచ్చి ఉంటే మనం ఆ నిమిషమే ఫోను చేసేవాళ్లం. పదకొండు వచ్చినప్పుడూ అదే నిమిషంలో ఫోను చేస్తామా? ముతఫ్ఫిఫీన్ సూరా మన కొట్టు గుమ్మంలో నిలబడి అడిగే ప్రశ్న ఇదే. ఆ పదకొండో పెట్టె మీద వచ్చే లాభం కొన్ని రూపాయలు. అది మన సంపాదనలో కలిస్తే, పిల్లల పళ్లెంలోకి వచ్చేది ఏమిటో ఆలోచించండి.

చేతిలో సొమ్ము ఉండి కూడా బాకీ చెల్లించకుండా తిప్పడం అన్యాయమని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. బజారులో దీన్ని కొందరు తెలివితేటలుగా చెప్పుకుంటారు. పెద్ద కంపెనీకి వాయిదా తప్పకుండా కడతారు, ఎందుకంటే వాళ్లు సరుకు ఆపేస్తారు. ఇంట్లో అప్పడాలు, పచ్చళ్లు చేసి ఇచ్చే స్త్రీకి మాత్రం వచ్చే వారం, వచ్చే నెల అంటారు. ఆమె ఏమీ చేయలేదు కాబట్టి! ఆ స్త్రీ తన సొమ్ముతోనే మినుములు కొన్నది, నూనె కొన్నది. మన గల్లాలో నిలిచిపోయింది ఆమె పెట్టుబడి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించకుండా సొమ్ము చెల్లించాలని విధించింది. ఆ స్త్రీ పేరు ఏ నమోదులోనూ లేకపోవచ్చు. కాని అల్లాహ్ వద్ద ఆమె హక్కు నమోదై ఉంది.

బాకీ అడగడానికి వచ్చినవానితో ఎలా ప్రవర్తించాలి? ఒక వ్యక్తి దైవప్రవక్త (స) వద్దకు వచ్చి తనకు రావలసిన ఒంటెను కఠినంగా అడిగాడు. సహచరులు అతన్ని దండించబోగా ఆయన వారించారు. హక్కు ఉన్నవానికి మాట్లాడే హక్కు కూడా ఉంటుందన్నారు. అతనిచ్చిన వయసు ఒంటె దొరకకపోతే అంతకన్నా మేలైనదాన్ని కొని ఇప్పించారు. బాకీని చక్కగా తీర్చేవారే ప్రజల్లో ఉత్తములని బోధించారు. వసూలుకు వచ్చిన కుర్రవాణ్ణి గంటలకొద్దీ నిలబెట్టి, లోపల ఉండి లేమని చెప్పించే సోదరుడు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. నిజంగా చేతిలో లేకపోతే దాక్కోవద్దు. ముందుగానే ఫోను చేసి, తీర్చగల తేదీ చెప్పి గడువు కోరండి. ఇబ్బందిలో ఉన్నవానికి వెసులుబాటు కలిగే దాకా గడువు ఇవ్వమని అదే బఖరా సూరా ఆదేశిస్తున్నది.

బేరంలో దయ, కానుకల్లో జాగ్రత్త

బేరమాడటం ధర్మసమ్మతమే. ఎదుటివాని అజ్ఞానాన్ని, అవసరాన్ని పిండుకోవడం ధర్మసమ్మతం కాదు. బయటి నుంచి సరుకు తెచ్చేవారిని మార్కెట్టు చేరకముందే దారిలో కలిసి, ధర తెలియనివ్వకుండా కొనడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారు. పంటపొలం గట్టు మీదే రైతుకు మార్కెట్టు ధర దాచిపెట్టి కొనేవారికి ఇది వర్తిస్తుంది.

సువైద్ బిన్ ఖైస్ (రజి), మఖ్‌రఫా (రజి) హజర్ ప్రాంతం నుంచి మక్కాకు బట్టలు తెచ్చారు. దైవప్రవక్త (స) నడిచి వచ్చి వారి వద్ద ఒక పైజామా బేరమాడి కొన్నారు. అక్కడ కూలికి తూచే మనిషి ఉన్నాడు. ధరగా ఇచ్చేదాన్ని తూస్తూ ముల్లు కాస్త మొగ్గేలా తూయమని ఆయన చెప్పారు. గమనించండి: ఆయన ఇక్కడ కొనేవారు. ముల్లు మొగ్గవలసింది అమ్మేవాని వైపు. బేరం ఆడారు, ఆపై హక్కుకన్నా కొంత ఎక్కువే ఇచ్చారు.

సరుకు వాపసు విషయంలోనూ ఇదే స్ఫూర్తి ఉండాలి. పశ్చాత్తాపపడిన ఎదుటివాని కోసం బేరాన్ని రద్దుచేసుకునేవాని తప్పులను ప్రళయదినాన అల్లాహ్ క్షమిస్తాడని హదీసులో శుభవార్త ఉంది. కాని ఒప్పందంలో లేని వాపసును బలవంతంగా రుద్దడం, మన నిర్లక్ష్యంతో ఎలుకలు కొరికిన సరుకును దారిలో పాడైందని పంపడం అబద్ధం, మోసం.

స్కీముల కింద వచ్చే తగ్గింపు వ్యాపారానికి చెందుతుంది. కొట్టులో భాగస్వాములుంటే అది అందరిదీ. కొనుగోళ్లు చూసే గుమాస్తాకు సరఫరాదారు రహస్యంగా ఇచ్చే కానుక మాత్రం లంచమే. జకాత్ వసూలుకు పంపిన ఒక అధికారి తిరిగివచ్చి, ఇది మీకు, ఇది నాకు కానుకగా వచ్చిందని చెప్పాడు. అతడు తన తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) నిలదీశారు. ఆ ప్రశ్న నేటికీ అంతే పదునుగా ఉంది.

రెండవ ఖుత్బా

అల్లాహ్‌ను స్తుతిస్తూ, ఆయన ప్రవక్త (స) పై దరూద్ పంపుతూ మూడు పనులను మీ ముందుంచుతున్నాను.

మొదటిది, ఈ వారం మీ ఖాతా పుస్తకం తెరవండి. ఎవరికి ఎంత బాకీ ఉన్నారో, సరఫరాదారు మరిచిపోయినవి కూడా కలిపి, మీరే రాయండి. అందులో అతి బలహీనుడైన వ్యక్తికి ముందుగా చెల్లించండి. రెండవది, మీ కొట్టులోని సరుకులో ఎక్కడి నుంచి వచ్చిందో మీరు చెప్పలేనిది ఏదైనా ఉంటే, దాన్ని అరల నుంచి తీసివేయండి. మూడవది, మాటల మీద నడుస్తున్న ఒప్పందాలను కాగితం మీద పెట్టండి. అది అపనమ్మకం కాదు, దైవాజ్ఞ.

ప్రవక్త షుఐబ్ (అలై) మద్‌యన్ ప్రజలకు ఏకదైవారాధనతో పాటు కొలతలు, తూనికలు సరిగా ఉంచమని బోధించారు. నీ నమాజు మా సొమ్ము విషయంలో కూడా జోక్యం చేసుకుంటుందా అని వారు ఆయన్ను ఎగతాళి చేశారు. అవును సోదరులారా, జోక్యం చేసుకుంటుంది. ఈ నమాజు ముగిశాక మీరు ఎత్తబోయే షట్టరు దాకా అది మీ వెంట వస్తుంది.

ఓ అల్లాహ్! మా సంపాదనను పరిశుద్ధం చేయి. మా మీద ఉన్న హక్కులను గుర్తించే మనసునూ, వాటిని తీర్చే స్తోమతనూ ప్రసాదించు. మాకు సరుకు ఇచ్చేవారికీ, మా వద్ద కొనేవారికీ మా వల్ల నష్టం కలగకుండా కాపాడు. బాకీల బరువుతో నలుగుతున్న మా సోదరులకు మార్గం సుగమం చేయి. మా వ్యాపారాల్లో బర్కత్ ప్రసాదించు. ఆమీన్.